పొలానికి టౌన్ కెమెరా పనికిరాదు

సంపాదకులు గారికి,

బోరు మోటార్ల కేబుళ్లు కోసుకుపోయారనో, స్టార్టర్ పెట్టెలు పగలగొట్టారనో, చెట్ల మీది చీనీకాయలు (బత్తాయిలు) రాత్రికి రాత్రి కోసుకుని ఆటోలో వేసుకుపోయారనో మీ జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాం. ఇటువంటి వార్తల చివర రైతులు సీసీ కెమెరాలు పెట్టుకోవాలన్న సలహా ఒకటి ఉంటుంది. సలహా మంచిదే. అనంతపురంలో కెమెరాలు బిగించి బతికేవాణ్ణి, నాకు నాలుగు పనులు దొరికే మాట కూడా. కానీ పొలానికి ఎటువంటి కెమెరా కావాలో, దాన్ని ఎట్లా పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. దాంతో రైతుకు కెమెరా ఖర్చు మీద పడుతోంది, కేబుల్ పోయేది ఎట్లాగూ పోతోంది.

మొదటి చిక్కు కరెంటు. వ్యవసాయానికి త్రీఫేజ్ ఇచ్చేది పగటిపూట 9 గంటలు. దొంగ వచ్చేది రాత్రి. ఇంటికీ అంగడికీ పెట్టే సెట్టునే తెచ్చి తోటలో బిగిస్తే పగలంతా కూలీలనూ కుక్కలనూ చక్కగా రికార్డు చేసి, చీకటి పడేసరికి ఆరిపోతుంది. "ఇన్వర్టర్ పెట్టుకో, సరిపోతుంది" అని అమ్మేవాళ్లు చెప్తారు. బ్యాటరీలో ఉన్న 12 వోల్టులను ఇన్వర్టర్ 230కి ఎత్తాలి, ఆ 230ని అడాప్టర్ మళ్లీ 12కు దించాలి. ఈ ఎత్తిపోతల్లో కాలువ గట్టున నీళ్లు ఇంకిపోయినట్టు బ్యాటరీ సగం దారిలోనే అయిపోతుంది.

పొలానికి సరిపోయే వస్తువు వేరే ఉంది. స్కూల్ బస్సుల్లో, లారీల్లో డ్రైవర్ సీటు వెనకాల పెట్టే చిన్న రికార్డర్, మొబైల్ డీవీఆర్ అంటారు. అరచేతి కంటే కాస్త పెద్దది. 8 నుంచి 36 వోల్టుల దాకా ఏ బ్యాటరీ ఇచ్చినా నేరుగా తీసుకుంటుంది. ఇందులో తిరిగే హార్డ్ డిస్కు బదులు మెమరీ కార్డు పెట్టే రకం తీసుకోవాలి. దుమ్ముకూ కుదుపుకూ అదే తట్టుకుంటుంది, కరెంటూ తక్కువ తాగుతుంది. కెమెరా వైర్ల మూతులకు మర ఉంటుంది, తిప్పి బిగిస్తే లాగినా ఊడదు. దీన్ని బ్యాటరీతో సహా ఒక ఇనుప పెట్టెలో పెడితే ఈ వారం మీ తోటలో, వచ్చే వారం మీ బామ్మర్ది కల్లంలో పెట్టుకోవచ్చు. నా దృష్టిలో దీని గొప్పదనం ఇదే. చీనీ కాపు కోతకు వచ్చిన కొన్ని వారాలు, సెనక్కాయ కల్లంలో ఉన్న నాలుగు రోజులు కాపలా కావాలిగానీ ఏడాది పొడవునా ఎవరికి కావాలి?

అయితే బస్సు కోసం చేసిన వస్తువు కాబట్టి తోటలో ఒక మెలిక పెడుతుంది. దీనికి కరెంటు వైర్లు మూడు. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు, మూడోది తాళంచెవి వైరు. డ్రైవర్ తాళం తిప్పినప్పుడు ఆ మూడో వైరులోకి కరెంటు వచ్చి రికార్డర్ మేల్కొంటుంది. తోటలో తాళం ఎవరు తిప్పాలి? ఆ వైరును ఊరికే వదిలేస్తే ప్లస్సు, మైనస్సు ఎంత బాగా కలిపినా డబ్బా పలకదు. డబ్బా పాడైందని వెనక్కి తెచ్చి ఇచ్చేసినవాళ్లను చూశాను. మూడో వైరును కూడా ప్లస్సుకే కలిపి, మధ్యలో ఒక చిన్న స్విచ్ పెడితే అయిపోయే పని. సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా నడిచేలా లోపలే టైమర్ పెట్టుకునే రకాలూ ఉన్నాయి.

బ్యాటరీ లెక్క కొనకముందే వేసుకోవాలి. రికార్డర్‌కు సుమారు 9 వాట్లు. రాత్రిపూట లెన్సు చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ బల్బులు (కంటికి కనబడని వెలుగు ఇచ్చేవి) వెలుగుతాయి కనుక ఒక్కో కెమెరాకు 4 నుంచి 5 వాట్లు. నాలుగు కెమెరాలు పెడితే 12 గంటల రాత్రికి 300 నుంచి 350 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) కావాలి. రెండే పెడితే 230 చాలు. 12 వోల్టులు 40 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 500. అంటే రెండు కెమెరాలతో, మబ్బు పట్టి సోలార్ ప్యానెల్ పనిచేయకపోయినా, రెండు రాత్రులు ఈడుస్తుంది. అంతే సైజు యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా చస్తుంది. మన ఎండలకు 100 వాట్ల ప్యానెల్ ఒకటి ధారాళంగా సరిపోతుంది. నాలుగు కెమెరాల సెట్టు చూసి నాలుగూ తగిలించాలనుకోవద్దు. సరిగ్గా పెట్టిన రెండే మేలు.

సరిగ్గా పెట్టడం అంటే ఏమిటన్నది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఏ రైతైనా మొదట బోరు వైపు చూపించి "ఈడ పెట్టప్పా" అంటాడు. బోరు దగ్గర కెమెరా పెడితే వంగి కేబుల్ కోస్తున్న మనిషి వీపు కనబడుతుంది, తలకు చుట్టుకున్న తువ్వాలు కనబడుతుంది. మొహం కనబడదు. కోసిన కేబుల్‌ను, కాయల మూటలను మోసుకుపోవాలంటే బండి రావాలి, బండి రావాలంటే రస్తా కావాలి. తోటలోకి వచ్చే ఆ రస్తా మూలలో, కంచె తలుపు దగ్గర ఒక కెమెరా పెట్టాలి. అక్కడ మనిషి నిటారుగా నడిచొస్తాడు, తలుపు తీయడానికి ఒక్క క్షణం నిలబడతాడు. ఆ ఒక్క క్షణమే మనకు కావాల్సింది. రాత్రిపూట వేగంగా కదిలే మనిషి బొమ్మ పొగలాగా చెదిరిపోతుంది, నిలబడినప్పుడే మొహం తేలుతుంది.

ఎత్తు 6, 7 అడుగులు చాలు. దొంగ పీక్కుపోతాడన్న భయంతో కరెంటు స్తంభం అంత ఎత్తున కట్టేస్తే మళ్లీ తువ్వాలే గతి. లెన్సు కూడా చూడాలి. మామూలుగా సెట్టుతో వచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు తోటంతా చూపిస్తుంది, మనిషిని మాత్రం చీమంత చేస్తుంది. తలుపు దగ్గరికి 6 మిల్లీమీటర్లది అడిగి తీసుకోండి. కెమెరా ముందు రెండడుగుల్లో కొమ్మగానీ ఆకుగానీ లేకుండా కోసేయాలి. చీనీ ఆకు నున్నగా ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి తిరిగి లెన్సులోకే కొడుతుంది. పగలు చూస్తే అంతా బాగుంటుంది, రాత్రి చూస్తే ఆకు ఒక్కటే తెల్లగా మండుతూ వెనకాలంతా నల్లగా ఉంటుంది. సాలెపురుగులదీ ఇదే గోల. ఆ వెలుగుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది. వారానికోసారి పాత చీరముక్కతో తుడవక తప్పదు.

కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమనే సెట్టింగు టౌన్‌లో బాగా పనికొస్తుంది. మన దగ్గర ఆషాఢం గాలికి ప్రతి కొమ్మా కదులుతూనే ఉంటుంది. ఫోన్‌కు రాత్రంతా మోత, రెండో రోజుకల్లా రైతు ఆ మోత ఆపేస్తాడు. రాత్రంతా ఆగకుండా రికార్డు కానివ్వడమే మంచిది. అప్పుడు కార్డు లెక్క వస్తుంది. ఫుల్ హెచ్‌డీలో, 2 ఎంబీపీఎస్ (సెకనుకు ఎంత రికార్డు రాయాలో చెప్పే సెట్టింగు) దగ్గర పెడితే ఒక కెమెరాకు గంటకు సుమారు 900 ఎంబీ. రెండు కెమెరాలు, 12 గంటలు అంటే రాత్రికి 21, 22 జీబీ. 128 జీబీ కార్డు ఆరో రాత్రి ముగిసేసరికి నిండి, ఆ తర్వాత మొదటి రాత్రిని చెరిపి రాసుకుంటుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆదివారం మాత్రమే తోటకు వచ్చే రైతులు ఇప్పుడు చాలామంది. వాళ్లు వెళ్లిన ఆదివారం రాత్రే తోటలో దొంగలు పడితే మళ్లీ ఆదివారానికి ఆ రికార్డు ఉండదు. 256 జీబీ పెట్టుకుంటే పది రాత్రులు దాటుతుంది. కార్డు కూడా ఫోన్‌లో వేసే మామూలుది కాకుండా కెమెరాల కోసం అమ్మే, పదే పదే రాసినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం కొని, కంప్యూటర్‌లో కాకుండా ఆ రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయాలి.

టైము సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ డబ్బాలు ఎక్కువగా చైనా టైముతో వస్తాయి. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి ఒంటిగంటకు జరిగిన దొంగతనం రికార్డులో మూడున్నర అని పడుతుంది. పట్టుబడినవాడు మూడున్నరకు నేను ఊళ్లో లేనని సాక్షుల్ని తెచ్చుకుంటే మన రికార్డే వాడికి చుట్టమవుతుంది. జీపీఎస్ ఉన్న డబ్బా టైము దానంతటదే దిద్దుకుంటుందన్నది నిజమేగానీ, టైమ్ జోన్ 5:30 అని మనం పెడితేనే. తేదీలో నెల ముందా రోజు ముందా అన్నదీ చూసుకోవాలి.

ఇక డబ్బానే ఎత్తుకుపోతే? పోతారు. స్టార్టర్ గదిలో, కెమెరా వైరు చివర పెడితే వైరు పట్టుకుని నేరుగా వచ్చి తీసుకెళ్తారు. వైరును పైపులో వేసి జానెడు లోతున పూడ్చి, పెట్టెను కాస్త దూరంగా కంపచెట్ల మధ్యలోనో, రాళ్ల కుప్ప వెనకాలో నీడలో పెట్టాలి. పైపు ఎందుకంటే ఉడుతలూ ఎలుకలూ ఉన్నాయి గనక. నీడ ఎందుకంటే ఏప్రిల్, మే ఎండలో ఇనుప పెట్టె లోపల బ్యాటరీ ఉడికిపోతుంది. పెట్టెకు తెల్ల రంగు వేసి, పైన నాలుగు బోదకట్టలు కప్పినా కొంత మేలు. సిమ్ వేసుకునే రకం అయితే బొమ్మ ఫోన్‌కు వస్తుంది, కానీ గుట్టల వారన ఉన్న తోటల్లో సిగ్నల్ ఎట్లా ఉంటుందో అక్కడి రైతుకు నేను చెప్పక్కర్లేదు.

అన్నీ అయ్యాక డబ్బులు ఇచ్చేముందు ఒక పని చేయాలి. ఫిట్టర్ పగటిపూట తెరమీద నాలుగు గళ్లలో బొమ్మ చూపించి "కనపడ్తాంది గదన్నా, ఇంగేం గావాల?" అంటాడు. కనబడటం వేరు, రికార్డు కావడం వేరు. కార్డు సరిగ్గా కూర్చోకపోయినా తెర మీద బొమ్మ వస్తుంది. ఆ రాత్రి మీ ఇంటి మనిషినే ఎవరినైనా తలుపు దగ్గర నడిపించి, మరుసటి రోజు పొద్దున ఆ టైము కొట్టి వెనక్కి చూపించమనండి. మొహం పోల్చుకోగలిగితేనే డబ్బులివ్వండి. నా దగ్గర కొన్నా ఇదే మాట.

దొంగతనం జరిగాక చేసే పొరపాట్లు ఇంకో రకం. తెర మీద బొమ్మను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో ఊరంతా పంపుతారు. అది ఊళ్లో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, కోర్టుకు కాదు. ముందు స్విచ్ ఆపాలి, లేకుంటే పాత రికార్డు మీద కొత్తది రాసేస్తుంది. ఆపాకే కార్డు తీయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, ఇటువంటి రికార్డు కాపీకి రెండు భాగాల సర్టిఫికెట్ ఉండాలి. ఒకటి పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లది, ఇంకోటి నిపుణుడిది. ఆ ఫైలుకు వేలిముద్రలాగా ఉండే హాష్ నంబరు కూడా అందులో రాయాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లు. ఆ ఫారం ముఖం చూడని రైతును స్టేషన్‌లో నాలుగుసార్లు తిప్పే బదులు, తెలుగులో ఒక నమూనా గోడకు అంటిస్తే ఎంతో ఉపకారం.

ఒక విషయం రాయకపోతే నాకు తోచదు. కూలీల మీద కెమెరా పెట్టమని అడిగే రైతులూ ఉన్నారు. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో చూసుకోవడానికట. చెట్టు కింద సద్ది తినే చోటు, ఆడవాళ్లు తొట్టి దగ్గర కాళ్లూ మొహం కడుక్కునే చోటు ఆ కెమెరాలో పడతాయి. ఆ పని నేను చెయ్యను. రాత్రి నడిచే కెమెరా రాత్రే నడవాలి.

ఊళ్లో ఇంటికి తాళం వేసి పోయేవాళ్లకు పోలీసు శాఖ ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అని ఒక ఏర్పాటు చేసింది. యాప్‌లో చెప్పుకుంటే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టి, మీరు తిరిగొచ్చాక తీసుకెళ్తారు. కెమెరా కొనక్కర్లేదు, అవసరమైన రోజులకు వచ్చి పోతుంది. తోటలకూ అటువంటిదే కావాలని నా మనవి. రైతు సేవా కేంద్రానికి ఇటువంటి పెట్టెలు రెండో మూడో ఇచ్చి, స్ప్రేయర్లు బాడుగకిచ్చినట్టు కోతల రోజుల్లో రోజు బాడుగకు ఇప్పించాలి. ఏ ఊరికి ఆ ఊళ్లోనే ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లోడు ఒకడు ఉంటాడు, పైన రాసినదంతా నేర్పడానికి ఒక పూట చాలు. పిలిస్తే నేనే వచ్చి ఊరికే నేర్పుతాను. మెమరీ కార్డు మాత్రం పెట్టెతో పాటు బాడుగకు ఇవ్వకూడదు. ఎవరి కార్డు వాళ్లే కొనుక్కోవాలి. పెట్టె పక్క తోటకు పోయినా ఈ తోట రికార్డు ఈ రైతు ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు
ఒక కెమెరా ఫిట్టర్,
అనంతపురం.