ఆ గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నెల్లూరు నుంచి నమస్కరించి రాస్తున్నాను. మా సముద్రతీరంలో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి వేసిన తాళం గురించి మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ జవాబు రాలేదు. మధ్యలో సోమవారం అర్జీల్లోనూ రెండుసార్లు ఇచ్చాను. రెండోసారి వారం తిరగకముందే, మీ అర్జీ పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. సంతోషంతో ఆ సాయంత్రమే బస్సెక్కి సముద్రం దగ్గరికి వెళ్లాను. గదికి వేసిన తాళం అలాగే ఉంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఏ తీరమో ఇక్కడ రాయడం లేదు. రాస్తే అక్కడ చీపురు పట్టే మనిషిని పిలిచి కోప్పడతారని నా భయం. అర్జీల్లో పేరు ఉంది, చూడదలచుకుంటే కనిపిస్తుంది.

నేను అడిగేది ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునే గది గురించి, దాన్ని ఆనుకుని ఉన్న మరుగుదొడ్డి గురించి. కట్టలేదని అనడం లేదు. కట్టారు. టైల్స్ పరిచారు, తలుపు మీద చీర కట్టుకున్న బొమ్మ కూడా వేశారు. కానీ ఆ తలుపు తీసి ఉండగా నేను ఒక్కసారీ చూడలేదు.

పోయిన కార్తీక పౌర్ణమికి మా వీధి ఆడవాళ్లం పదకొండు మందిమి తెల్లవారకముందే బయలుదేరాం. మా అత్తగారికి డెబ్భై రెండేళ్లు, షుగరు ఉంది. సముద్ర స్నానం చేసి ఇసుకలో దీపం పెట్టుకోవాలని ఆవిడ కోరిక. స్నానం అయింది, దీపమూ వెలిగింది. ఆ తర్వాత ఒళ్లంతా ఇసుకతో, ఉప్పునీళ్లు కారుతూ ఆ తాళం ముందు నిలబడ్డాం. చేసేది లేక నలుగురం రెండు చీరలను తెరలా పట్టుకున్నాం. సముద్రపు గాలికి చీర నిలుస్తుందా? ఒక అంచు అదిమితే ఇంకో అంచు లేచిపోతుంది. పది అడుగుల దూరంలో కుర్రవాళ్లు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. మమ్మల్ని తీశారని నేను అనను. తీయలేదని నమ్మి నిశ్చింతగా ఉండగలిగామా అంటే, లేదు. అత్తగారు కాసేపు చూసి, "వద్దులే అమ్మా, ఇలాగే వచ్చేస్తాను" అన్నారు. బస్సులో సీటు తడుస్తుందని ఇంటిదాకా నిలబడే వచ్చారు. ఉప్పు ఆరిన చీర ఒరుసుకుని నాలుగు రోజులు సరిగా నడవలేకపోయారు.

మరుగుదొడ్డి సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు, రాయకుండా ఉండలేను. సముద్రానికి వెళ్లాలంటే ముందు రాత్రి నుంచే మేము నీళ్లు తాగడం మానేస్తాం. షుగరున్న మనిషి కూడా మానేస్తుంది. ఇక తప్పనిసరైతే సరుగుడు తోటలోకి ఒకరికొకరు కాపలాగా వెళ్లాలి. మీ ఇంటి ఆడవాళ్లను అలా పంపగలరా, మంత్రి గారూ? కోపంతో అడగడం లేదు, ఒక్క క్షణం ఆలోచించమని అడుగుతున్నాను.

తాళం చెవి కోసం తిరిగాను. కాపలా మనిషి దగ్గర ఉందన్నారు. మోటారు కాలిపోయింది, నీళ్లు లేవు, నాకు జీతం వచ్చి నెలలైంది, తెరిస్తే ఎవరు కడుగుతారమ్మా అన్నాడతను. అతని మీద నాకు కోపం లేదు. పైన అడిగితే గది ఇంకా మాకు అప్పగించలేదన్నారు. కట్టించినవారిని అడిగితే ఎప్పుడో అప్పగించేశామన్నారు.

పర్యాటక ప్రాంతాల అభివృద్ధికి కేంద్రం తెచ్చిన స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో నెల్లూరు కోస్తా సర్క్యూట్ మంజూరైనప్పుడు పులికాట్, నేలపట్టు, ఉబ్బలమడుగు, కొత్తకోడూరు, మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి అని పేపర్లో వరసగా పడిన పేర్లను మావారు కత్తిరించి దాచుకున్నారు. మన జిల్లాకూ నలుగురు వస్తారని అంత సంబరం. ఆ కాగితం పసుపురంగుకు మారి ఇంకా మా బీరువాలోనే ఉంది.

మొన్న వేసవిలో విశాఖపట్నం వెళ్లాం. ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి చూసి మా పిల్ల ఎంత మురిసిపోయిందో. మర్నాడు రుషికొండకు వెళ్లాం. శుభ్రమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన తీరం కదా, ఆ జెండా ఇచ్చేవారు నీటి శుభ్రతతో పాటు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు కూడా చూస్తారు. మా పిల్ల సముద్రంలో ఆడి, గదిలోకి వెళ్లి, పొడిబట్టలతో తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, "నానమ్మను కూడా తీసుకురావలసింది అమ్మా" అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అదే బంగాళాఖాతం, అదే రాష్ట్రం. విశాఖకున్న హంగులన్నీ మాకు కావాలని నేను అడగను. ఒక్క తలుపు తీయించమంటున్నాను.

మోటారు బాగుచేయించండి. శుభ్రం చేసే మనిషికి నెలనెలా జీతం ఇప్పించండి. కనీసం పౌర్ణమి రోజైనా తెరిపించండి అని రాయబోయాను. అలా రాయను. ఆదివారం పిల్లలతో వచ్చేవారు ఉన్నారు, చేపలమ్ముకునే ఆడవాళ్లు రోజంతా అక్కడే ఉంటారు. రోజూ తెరిచి ఉండాలి.

మా అత్తగారు ఈసారి రానంటున్నారు. తాళం తీశారని చెబితే వస్తారు. కార్తీక పౌర్ణమికి తెల్లవారుజామున ఐదు గంటలకల్లా మేము ఆ గది ముందు ఉంటాం.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక గృహిణి