కెమెరాలు సరే, ఆయాకు మంచినీళ్లు తాగే వీలుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

మా గుంటూరులో బ్రాడీపేట, లక్ష్మీపురం, విద్యానగర్ వైపు ఏ వీధిలో చూసినా డే కేర్ బోర్డులే. మంచిదే. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, అమ్మమ్మలూ నానమ్మలూ ఊళ్లో ఉండిపోతే పసిపిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి కదా. కానీ బిడ్డను చేర్చడానికి వచ్చినవాళ్లు అడిగేవి వింటుంటే ఆశ్చర్యమేస్తుంది. ఏసీ ఉందా, సీసీ కెమెరా మా ఫోన్లో కనిపిస్తుందా, ఇంగ్లిషులోనే మాట్లాడతారా? "మా పాపను చూసుకునే ఆయా మీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది? అంతకుముందున్నావిడ ఎందుకు మానేసింది?" అని అడిగినవాళ్లు నాకైతే తగల్లేదు.

నేను అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. అంగన్‌వాడీలో అడుగుపెట్టి, టీచరూ ఆయా మాట్లాడుకునే తీరు కాసేపు వింటే చాలు, రిజిస్టర్లు తెరవకముందే ఆ కేంద్రం సంగతి సగం తెలిసిపోయేది. ఇద్దరికీ పొసగని చోట పిల్లాడు నిక్కరు తడుపుకుని నిలబడితే 'అది ఆవిడ పని' అని ఒకరు, 'నాకు పొయ్యి మీద పప్పుంది' అని ఇంకొకరు. పొసిగిన చోట ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లే తీసుకెళ్లి కడిగేవారు.

ప్రైవేటు సెంటర్లలో పని గంటలు ఇంకా ఎక్కువ. పొద్దున మొదలైతే సాయంత్రం ఏడు దాకా సాగేవి ఉన్నాయి. ఒకే గదిలో ముగ్గురు పసివాళ్లు ఒక్కసారిగా ఏడుపందుకుంటే ఎంత ఓర్పున్న మనిషికైనా తల దిమ్మెక్కుతుంది. అప్పుడు పక్కనున్నావిడ 'ఇటివ్వక్కా, నువ్వెళ్లి మంచినీళ్లు తాగిరా' అని బిడ్డను అందుకోవాలి. 'నీకు చేతకాకపోతే మానెయ్' అనే యజమాని దగ్గర ఏ ఆయా నోరు తెరిచి ఆ సాయం అడుగుతుంది? లోపలే అణుచుకుంటుంది. అణుచుకున్నదంతా ఏదో ఒక మధ్యాహ్నం బిడ్డ వీపు మీద పడుతుంది.

కొట్టినవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. కేసు పెట్టాల్సిందే. అయితే ఆయా బిడ్డను కొట్టిన వీడియో బయటికొచ్చినప్పుడల్లా జరిగేదేమిటి? ఆయాను తీసేస్తారు, ఇంకో కెమెరా బిగిస్తారు, వారం తిరక్కుండా కొత్తమ్మాయి వస్తుంది. ఆమెకు నేర్పేవాళ్లుండరు. పాత ఆయాకు మాలిమి అయిన రెండేళ్ల పిల్లలు మళ్లీ మొదటి రోజులా గుక్కపట్టి ఏడుస్తారు. గది అదే, పిల్లల సంఖ్యా అదే.

యాభై మంది, అంతకు పైన ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. దాని మీద 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒకరు, ఆపై వయసువాళ్లు ఇరవైమందికి ఒకరు చొప్పున శిక్షణ పొందిన మనిషి ఉండాలనీ, తోడుగా హెల్పర్ ఉండాలనీ చెప్పాయి. వీధి డే కేర్లకు కూడా ఈ లెక్కనే కొలతగా పెట్టుకుంటే తప్పేముంది? నన్నడిగితే ఏడాది నిండని పిల్లలైతే పదిమంది కూడా ఎక్కువే.

యజమానులకు ఒక మాట. ఆయా పుట్టినరోజుకు కేకు కోసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టినంత మాత్రాన మంచి వాతావరణం వచ్చేయదు. 'మనమంతా ఒకే కుటుంబం' అనే మాట నేను ఎక్కువగా విన్నది ఆదివారం పనికి రమ్మనేటప్పుడే. పొరపాటు జరిగితే తల్లిదండ్రుల ముందు నిలబెట్టి కడిగేయకుండా, సాయంత్రం పక్కకు పిలిచి ఏం జరిగిందో ముందు ఆమె నోటితో వినండి. జ్వరమొస్తే జీతం కోయకుండా సెలవివ్వండి. జీతం పోతుందన్న భయంతో దగ్గుకుంటూనే పనికొస్తే, వారంలో గదిలో పిల్లలందరికీ ఆ దగ్గే. కొత్తగా చేరినవాళ్లను కొన్నాళ్లు పాతవాళ్ల పక్కన ఉంచండి. ఇంకొకటి, మన పిల్లల్ని చూస్తున్న ఆయా పిల్లాడు తల్లి వచ్చేదాకా పక్కింటి అరుగు మీద కూర్చుంటున్నాడు. వాడికీ మీ దగ్గరే చోటివ్వండి.

ప్రభుత్వం ఇవన్నీ తనిఖీ చేయాలని అడగడానికి నాకు కొంచెం మొహమాటంగానే ఉంది. మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరు గౌరవవేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000. మధ్యలో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించారు. సొంతింట్లోనే ఇలా ఉంటే ప్రైవేటువాళ్లకు ఏ మొహంతో చెబుతారు? అయినా అడుగుతున్నాను. స్త్రీ శిశు సంక్షేమ శాఖ, నగరపాలక సంస్థ కలిసి మన ఊరి డే కేర్లను ఒకసారి చూడాలి. ఏ గదిలో ఎందరు పిల్లలు, ఎందరు మనుషులు, వారానికి ఒక సెలవు ఉందా, భోజనం చేసేటప్పుడు పిల్లల్ని చూసే ఇంకో మనిషి ఉందా అన్నది రాసుకోవాలి. ఆ వివరాలు గుమ్మం దగ్గర బోర్డు మీద అందరికీ కనిపించాలి.

తల్లిదండ్రులకూ పని ఉంది. ఆరింటికి రావలసినవాళ్లు ఏడింటికి వస్తే లేట్ ఫీజు యజమాని ఖాతాలో పడుతుంది. నల్లపాడు వైపో, ఏటుకూరు వైపో వెళ్లే షేర్ ఆటో మాత్రం ఆయాకు తప్పిపోతుంది. ఆ డబ్బు ఆగినవాళ్ల చేతికే ఇవ్వాలని ఈ నెల పేరెంట్స్ మీటింగులో అడగండి. దానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
గుంటూరు.