కెంట్ స్టేట్ గురించి పిల్లలకు చెప్పడానికి తోడొచ్చిన అందరికీ

ఒహాయోలో మా ఆదివారం తెలుగు తరగతి పిల్లలకు 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో జరిగిన కాల్పుల గురించి చెప్పాలి, సాయం చేయండి అని అడిగాను. అడగ్గానే ముందుకొచ్చిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. వియత్నాం యుద్ధం వద్దన్న విద్యార్థుల మీద సొంత ప్రభుత్వ బలగాలే కాల్పులు జరిపాయని వాళ్లకు ఎలా చెప్పాలో తెలియక చాలా టెన్షన్ పడ్డాను.

ముందుగా లైబ్రరీలో పనిచేసే అక్కయ్యకు. ఆ యుద్ధానికి ఎవరిని పంపాలో తేల్చిన లాటరీతో మొదలుపెట్టమన్నది ఆవిడే. 1969 డిసెంబర్ 1న ఏడాదిలోని తేదీలన్నీ చీటీల మీద రాసి, గాజు జాడీలో వేసి, ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. 1944 నుంచి 1950 వరకు ఆ తేదీన పుట్టిన మగపిల్లలకే సైన్యం పిలుపు ముందు వస్తుందన్నమాట. మేమూ పిల్లల పుట్టినరోజులతో చీటీలు తీశాం. మొదటి చీటీ తనదే అయిన బాబు చాలాసేపు మాట్లాడలేదు. 1970 ఏప్రిల్ 30న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనబడి, వియత్నాం పక్కనున్న కంబోడియాలోకీ సైన్యాన్ని పంపుతున్నామని చెప్పగానే కాలేజీలు ఎందుకు భగ్గుమన్నాయో ఆ తర్వాత నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పట్లో అక్కడే చదువుకున్న మా పక్కింటి పెద్దాయన ఒక్క మాట గట్టిగా చెప్పారు, ఏదీ దాచొద్దని. మే 1 రాత్రి ఊళ్లో షాపుల అద్దాలు పగిలాయి. మర్నాడు రాత్రి క్యాంపస్‌లోని ఆర్‌ఓటీసీ (విద్యార్థులకు సైనికాధికారి శిక్షణ ఇచ్చే విభాగం) భవనం తగలబడింది. రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డ్ క్యాంపస్‌లోకి వచ్చింది. మే 4 సోమవారం మధ్యాహ్నం సభ జరపకూడదన్నారు, విద్యార్థులు వచ్చారు, బాష్పవాయువు వదిలారు, కొందరు రాళ్లు విసిరారు. ఇవన్నీ చెప్పాకే కాల్పుల గురించి చెప్పాం. అలా చెప్పబట్టే పిల్లలు నమ్మారు.

కెంట్‌లో ఎంఎస్ చేస్తున్న తమ్ముడు సెలవు రోజున మాతో క్యాంపస్‌లోని కొండ ఎక్కి దిగాడు. అతనికి ఎంత చెప్పినా తక్కువే. టేలర్ హాల్ పక్కన 28 మంది గార్డులు 13 సెకన్లలో అరవైకి పైగా తూటాలు పేల్చారు. జెఫ్రీ మిల్లర్, ఆలిసన్ క్రాస్, విలియం ష్రోడర్, సాండ్రా షాయర్ చనిపోయారు. అందరూ పంతొమ్మిది, ఇరవై ఏళ్లవాళ్లు. మరో తొమ్మిది మంది గాయపడ్డారు. గార్డులకు అందరికన్నా దగ్గర్లో ఉండి చనిపోయిన జెఫ్రీయే దాదాపు 80 మీటర్ల దూరంలో ఉన్నాడు. సాండ్రా దాదాపు 120 మీటర్ల అవతల ఉంది. ఆ దూరాన్ని పిల్లలతో అడుగులేయించి కొలిపించాడు మా తమ్ముడు. క్రికెట్ బౌండరీ కన్నా ఎక్కువే అని వాళ్లే అన్నారు. సాండ్రా, విలియం నిరసనలో లేనే లేరు. విలియం స్వయంగా ఆర్‌ఓటీసీ విద్యార్థి. "మరి వాళ్లనెందుకు?" అని ఒక పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నలుగురూ పడిపోయిన చోట్ల ఇప్పుడు కార్లు ఆపకుండా దీపస్తంభాలు పెట్టి ఉంచారు.

పిల్లలు మళ్లీ మళ్లీ అడిగింది మాత్రం గ్లెన్ ఫ్రాంక్ గురించే. ఆయన భూగర్భశాస్త్రం ప్రొఫెసర్. కాల్పుల తర్వాత వందల మంది విద్యార్థులు కదలకుండా కూర్చున్నారు, ఎదురుగా గార్డులు. ఆయన ఏడుస్తూ బతిమాలితే లేచి వెళ్లారు. ఆ పూట ఇంకెంతమంది ప్రాణాలు నిలిచాయో. ఆయన గురించి తప్పకుండా చెప్పమన్న లెక్చరర్ గారికి ప్రత్యేకంగా నమస్కారాలు.

కోర్టు సంగతులు విడమరిచిన లాయర్ అన్నయ్యకూ థాంక్స్. ఆ కాల్పులు అనవసరమైనవి, క్షమించరానివని అధ్యక్షుడు వేసిన స్క్రాంటన్ కమిషనే తేల్చింది. అయినా గార్డుల్లో ఎవరికీ శిక్ష పడలేదు. 1979లో 6,75,000 డాలర్ల పరిహారం, విచారం తెలుపుతూ ఒక ప్రకటన, అంతే. అప్పటి గాలప్ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదే అన్నారని వినగానే మా తరగతి కోపంతో ఊగిపోయింది. ఆ కోపం నాకు నచ్చింది.

ఇంకొక్క సాయం కావాలి. అదే 1970 మే 15న మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌లో పోలీసుల కాల్పుల్లో ఫిలిప్ గిబ్స్, హైస్కూల్ విద్యార్థి జేమ్స్ ఎర్ల్ గ్రీన్ చనిపోయారు. ఇద్దరూ నల్లజాతివారు. వీళ్ల గురించి ఎందుకు ఎవరూ చెప్పరని పిల్లలు అడుగుతున్నారు. వచ్చే నెల పాఠం అదే. జాక్సన్ వైపు ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఆ క్యాంపస్ చూసి ఉంటే దయచేసి నాతో మాట్లాడండి.