రాజీతో ఆగిపోయిన విచారణ

సంపాదకులకు నమస్కారం.

ఈ జూలై 25తో ఇటలీ ప్రయాణికుల ఓడ ‘ఆండ్రియా డోరియా’ మరో ఓడతో ఢీకొని మునిగిన ప్రమాదానికి 70 ఏళ్లు. ఎవరు చెప్పినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు: పొగమంచు, రాడార్. చాలా ఏళ్లు సరుకు ఓడల్లో కాపలా డ్యూటీలు చేసినవాణ్ణి. అందుకే ఈ మాట నాకు మింగుడు పడదు.

‘రెక్స్’ లాంటి పెద్ద ఓడల్ని యుద్ధంలో పోగొట్టుకున్న ఇటలీ, తలెత్తుకుని నిలబడడానికి కట్టుకున్న ఓడ అది. 1953 జనవరిలో మొదటి ప్రయాణం. 29 వేల టన్నులు, మూడు ఈతకొలనులు. అమెరికా వెళ్లాలంటే ఎక్కువమంది ఇంకా ఓడే ఎక్కే రోజులు. జెట్ విమానాలు అట్లాంటిక్ మీద సర్వీసులు మొదలుపెట్టింది 1958లో.

1956 జూలై 25 రాత్రి, తెల్లారితే న్యూయార్క్ చేరాల్సిన ఆ ఓడ 1,706 మందితో అమెరికా తూర్పు తీరంలోని నాన్‌టకెట్ దీవి దగ్గర మంచులో వెళుతోంది. వేగం దాదాపు 22 నాట్లు, అంటే గంటకు సుమారు 40 కిలోమీటర్లు. మంచులో అంత వేగం తప్పే, కాకపోతే టైముకి రేవు చేర్చాలన్న ఒత్తిడి ఎలా ఉంటుందో ఓడల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. ఎదురుగా స్వీడన్ ఓడ ‘స్టాక్‌హోమ్’. దాని ముక్కు మంచుగడ్డల్ని తట్టుకునేలా గట్టిగా కట్టింది. రెండు ఓడల్లోనూ రాడార్లు పనిచేస్తూనే ఉన్నాయి. డోరియా వాళ్లకు అవతలి ఓడ 17 మైళ్ల దూరంలోనే కనబడింది. కానీ అది ఎటు వస్తోందో కాగితం మీద గీసి చూసుకోలేదు. కుడి పక్కగా పోతుందనుకుని డోరియా కెప్టెన్ కలమాయ్ ఎడమకు తిప్పాడు. ఎడమ పక్కగా దాటాలనుకున్న స్టాక్‌హోమ్ అధికారి కుడికి తిప్పాడు. రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకోనేలేదు. రాత్రి 11.10కి స్టాక్‌హోమ్ ముక్కు డోరియా కుడి పక్కలోకి దిగబడింది. రెండు ఓడల్లో కలిపి 51 మంది పోయారు. న్యూయార్క్ నుంచి బయల్దేరిన ఫ్రెంచి ఓడ ‘ఇల్ ద ఫ్రాన్స్’ వెనక్కి తిరిగి వచ్చి ఒక్కటే 753 మందిని కాపాడింది. అది రాకపోతే లెక్క ఎంత ఉండేదో ఊహించడానికే భయం.

నన్ను తొలిచేది ఢీకొన్న తర్వాత జరిగింది. ప్రయాణం చివరికొచ్చేసరికి ఆయిల్ ట్యాంకులు ఖాళీ అవుతాయి. నిలకడ కోసం వాటిలో సముద్రపు నీళ్లు నింపాలి. నింపితే మళ్లీ ఆయిల్ పోసే ముందు శుభ్రం చేయాలి, ఖర్చు. ఆ రాత్రి అవి ఖాళీగానే ఉన్నాయి. దెబ్బతిన్న వైపు ట్యాంకుల్లోకి నీళ్లు దూకాయి, అవతలి వైపు ఒట్టి గాలి. నిమిషాల్లోనే ఓడ ఎంత ఒరిగిందంటే ఎడమ వైపు లైఫ్‌బోట్లు, అంటే సగం, దింపడానికే పనికిరాలేదు. మర్నాడు ఉదయం 10.09కి ఓడ మునిగిపోయింది.

ట్యాంకుల సంగతి చెప్పాల్సింది ఇంజినీర్లు. న్యూయార్క్ విచారణలో వాళ్ల వంతు వచ్చేలోపే, 1957 జనవరిలో, రెండు ఓడల కంపెనీలూ కోర్టు బయట రాజీ పడ్డాయి. విచారణ అక్కడితో సరి. తప్పు ఎవరిదో అక్కడ ఎవరూ తేల్చలేదు. కలమాయ్‌కి డోరియా కంపెనీ మళ్లీ ఓడ ఇవ్వలేదు. స్టాక్‌హోమ్ మాత్రం కొత్త ముక్కు పెట్టించుకుని, పేర్లు మార్చుకుంటూ, కొవిడ్ వచ్చేదాకా తిరిగింది.

రాజీ తప్పని నేననను, బాధితులకు డబ్బు త్వరగా అందాలి. కానీ డబ్బు లెక్క తెగిందని నిజం లెక్క కూడా మూసేయడం ఏమిటి? పరిహారం ఒక దారి, విచారణ ఇంకో దారి కావాలి. 1960లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ఓడల భద్రతా సమావేశం సముద్ర నిబంధనల్లో రాడార్ వాడకంపై సూచనలు చేర్చింది. మంచిదే. ఆ ఇంజినీర్లు కూడా నోరు విప్పి ఉంటే ఇంకెన్ని చేరేవో.

ఇదంతా మీకు రాయడానికి కారణం 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన లాంచీ. పరిహారం ఎంతో అందరికీ గుర్తుంది. విచారణలో ఏం తేలిందో పాపికొండల లాంచీ ఎక్కేవాళ్లలో ఎంతమందికి తెలుసు? మీ విలేకరి ఎవరినైనా ఆ నివేదిక కోసం పంపి, దొరికింది దొరికినట్టు తెలుగులో వేయండి. పేజీ చాలకపోతే రెండు రోజులు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నావికుడు,
విశాఖపట్నం