మీ పాప భిన్నాల లెక్కల గురించి

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. ఆరో తరగతి పిల్ల భిన్నాల లెక్క అడిగితే ఇంజినీరువి నీళ్ళు నమిలావన్నమాట! నవ్వుకున్నానులే, ఏమనుకోకు. ఇవి ఫోన్‌లో చెబితే ఎక్కవు, అందుకే కాగితం తీశాను.

పాప 1/2 + 1/3 = 2/5 అని వేసిందన్నావు. పైవి పైన, కిందవి కింద కలిపేసింది. తిట్టకు. "2/5 అంటే సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని మాత్రం అడుగు. అయిదులో సగం రెండున్నర, ఇక్కడున్నది రెండే. సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గిపోవడమేంటని దానికే అనుమానం రావాలి. అది రాకముందే పద్ధతి చెప్పేశావో, బట్టీ కొట్టేస్తుంది.

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు గానీ, పావలా, బేడ కలిపితే ఎంతంటే ఆరణాలని ఠక్కున చెప్పేది. 1957లో నయా పైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు కదా. పావలా అంటే రూపాయిలో 1/4, బేడ అంటే 1/8. రెండింటినీ అణాల్లోకి మార్చి కూడేది, అంతే: 4/16 + 2/16 = 6/16. కుదిస్తే 3/8. మన మాస్టార్లు హారాలు (కింది అంకెలు) సమానం చెయ్యమని గోల పెట్టింది దీనికే. హారం ముక్క సైజు చెబుతుంది, లవం, అంటే పై అంకె, ఎన్ని ముక్కలో చెబుతుంది. సైజు ఒకటయ్యాక ముక్కల్ని లెక్కపెట్టుకోవడమే, సైజుల్ని కూడతామా ఎక్కడైనా?

మూడో వంతు దగ్గర మాత్రం అణాలు పనికిరావు, 16 మూడుతో తెగదు. పాప లెక్కకి 6 కావాలి: 3/6 + 2/6 = 5/6. అదే 1/4 + 1/6 అయితే హారాలు రెండూ గుణించి 24 వేసుకున్నా తప్పు లేదు గానీ, క.సా.గు. (రెండు హారాలతోనూ తెగే అతి చిన్న సంఖ్య) 12తోనే పని అయిపోతుంది: 3/12 + 2/12 = 5/12. ఈ క.సా.గు. కిటుకు తొమ్మిదో శతాబ్దంలో గణితవేత్త మహావీరాచార్యుడు చెప్పిందే. తీసివేతకీ ఇదే దారి.

గుణకారం ఇంతకంటే తేలిక. "ముప్పావులో సగం" అన్నారంటే గుణించమనే. ఇక్కడ మాత్రం పైవి పైన, కిందవి కింద గుణించెయ్యొచ్చు: 1/2 × 3/4 = 3/8. హారాల గొడవే లేదు. నన్నడిగితే దీన్నే ముందు నేర్పాలి, పుస్తకాలవాళ్ళు వినరు గానీ.

"తిరగేసి గుణించు" అని మనకి నేర్పారే, ఎందుకో ఎవరైనా చెప్పారా? పూర్ణా మార్కెట్‌లో ముప్పావు కిలో అరకు కాఫీ పొడి కొన్నావనుకో. అరపావు పొట్లాలు కడితే ఎన్ని? కిలోకి ఎనిమిది. నీ దగ్గరున్నది ముప్పావు కిలోయే కాబట్టి ఎనిమిదిలో ముప్పావు వంతు, ఆరు. అంటే 3/4ని 1/8తో భాగించబోయి 8తో గుణించావు. నమ్మకం లేకపోతే 750 గ్రాముల్ని 125తో భాగించి చూడు.

ఇంకొకటి, రెండున్నర లాంటివి వస్తే ముందు 5/2గా మార్చుకోమను. మార్చకుండా గుణకారంలోకి దిగితే గందరగోళమే. ఈ రాత్రికి 2/3 + 1/4 ఇవ్వు. పెన్ను పట్టకముందే జవాబు ఒకటి దాటుతుందో లేదో చెప్పించి, ఏమందో నాకు రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఉంటాను రా,
నీ మామ