టీవీ పాఠాల్లోనూ లేని ఆ రెండు తరగతులు

సంపాదకులు గారికి,

నమస్కారం. బడుల గురించి పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా కరోనా కాలాన్ని అయిపోయిన సంగతిగానే రాస్తున్నారు. నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈ 2025-26లో మా ఆరు, ఏడు తరగతుల గదుల్లో అది ఇంకా అయిపోలేదు.

మా ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. నోట్సు చూస్తే ముచ్చటేస్తుంది. బోర్డు మీది ప్రశ్న, జవాబు పొల్లు పోకుండా దించుకుంటాడు. అదే నోట్సు తెరిచి చదవమంటే రెండో మాట దగ్గరే ఆగిపోతాడు. ‘పలక’, ‘మడత’ లాంటివి కూడబలుక్కుని చదువుతాడు. గుణింతం గుర్తు వస్తే తడబడతాడు. ఒత్తు కనిపిస్తే ఇక నోరు పెగలదు. తను రాసింది తనే చదవలేడు. తెలివికి లోటు లేదు, ఎన్ని కిలోల పత్తికి ఎంత కూలి వస్తుందో నోటిలెక్కతో చెప్పేస్తాడు. ఇలాంటి పిల్లలు మా బడిలో చాలామంది ఉన్నారు. పక్క మండలాల టీచర్లు కలిసినా ఇదే మాట.

వీళ్లు ఎవరో ఒక్కసారి వెనక్కి లెక్క వేసుకోండి. తెలంగాణలో 2020 మార్చి 16 నుంచి బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి, అదీ మూడో తరగతి నుంచి పదో తరగతి వరకే. ఒకటి, రెండు తరగతులను వదిలేశారు. అంత చిన్నపిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టలేమన్నది నిజమే కావచ్చు. కానీ దానికి బదులుగా ఇంకేదీ ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు కొన్ని వారాలు బడి తెరిచినప్పుడు కూడా ప్రాథమిక పాఠశాలలు తెరవలేదు. వాళ్లకు బడి గంట వినిపించింది 2021 సెప్టెంబరు 1న. మళ్లీ 2022 జనవరిలో సంక్రాంతి సెలవులను నెలాఖరు దాకా పొడిగించారు. అంటే 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల ఆ తరగతిని చూడనే లేదు. నేరుగా రెండో తరగతిలో, ఏడాది మధ్యలో వచ్చి కూర్చుంది. ఆ పిల్లలే ఇప్పుడు ఆరో తరగతి. వాళ్లకంటే ఒక ఏడాది పెద్దవాళ్లు ఏడో తరగతి.

దీనికి కొలత కూడా ఉంది. గ్రామీణ పిల్లల చదువుపై జరిగే ‘అసర్’ సర్వే ప్రకారం, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 2018లో 18.1 శాతం ఉంటే 2022లో 5.2 శాతానికి పడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి. కరోనాకు ముందు అంతా బాగుందని ఎవరూ అనరు, 18 శాతం గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. అయితే 2022లో మూడో తరగతిలో ఉన్నది ఎవరు? సరిగ్గా ఈ పిల్లలే. ఆ అంకె వచ్చిన రోజు అందరం బాధపడ్డాం, తర్వాత వదిలేశాం. వాళ్లు మాత్రం ఏడాదికో తరగతి చొప్పున పైకి వస్తూనే ఉన్నారు.

ఆ రోజుల్లో ఇళ్లలో ఏం జరిగిందో తల్లిదండ్రులను అడిగితే తెలుస్తుంది. ఇంటికి ఒక్క ఫోను, అది పొద్దున్నే నాన్న వెంట పనికి పోయేది. వచ్చేసరికి చీకటి పడేది, రీచార్జి ఉంటే ఉండేది, లేకపోతే లేదు. సెప్టెంబరు దాటితే మా దగ్గర పత్తి ఏరడం మొదలవుతుంది. పిల్లలు చేలల్లోనే ఉండేవాళ్లు. అదే కాలంలో ప్రైవేటు బడుల టీచర్లు జీతాల్లేక ఉపాధి హామీ పనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. పాఠం చెప్పే మనిషికే అంత కష్టం వచ్చిన ఏడాదిలో ఆరేళ్ల పిల్లకు అక్షరాలు ఎవరు దిద్దించాలి?

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ‘తొలిమెట్టు’ వచ్చింది, మంచి కార్యక్రమం. కానీ అది ఐదో తరగతితో ఆగుతుంది. కేంద్రం ‘నిపుణ్ భారత్’ కింద 2026-27 నాటికి మూడో తరగతి పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలంటోంది. మా పిల్లలు ఆ మూడో తరగతిని ఎప్పుడో దాటేశారు. ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి వాళ్లకు చదవడం వచ్చేసిందనే లెక్క. ఇక్కడ సైన్సు టీచరు కిరణజన్య సంయోగక్రియ చెప్పాలి, సాంఘికశాస్త్రం టీచరు సిలబస్ పూర్తిచేయాలి. నాకైనా బీఈడీలో పద్యం ఎలా చెప్పాలో నేర్పారు, అక్షరాలు ఎలా నేర్పాలో నేర్పలేదు. ఆ పని బాగా తెలిసినవాళ్లు ప్రాథమిక పాఠశాలల్లో చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు).

అందుకే నేను అడిగేది చిన్న పని. ఆరు, ఏడు తరగతుల్లో చదవడం రాని పిల్లలకు రోజూ ఒక గంట, బడి వేళల్లోనే కేటాయించండి. సాయంత్రం అంటే కుదరదు, ఆటో వెళ్లిపోతుంది. పిల్లలు తక్కువగా ఉన్న ప్రాథమిక పాఠశాలల నుంచి ఒక ఎస్జీటీని ఆ గంటకు ఉన్నత పాఠశాలకు పంపండి. వీలు కాకపోతే కరోనా తర్వాత ఆపేసిన విద్యా వాలంటీర్లను, అంటే తాత్కాలికంగా తీసుకునే టీచర్లను, ఈ ఒక్క పనికైనా తీసుకోండి. మొదటి రోజు ప్రతి పిల్లవాడిచేత ఒక పేరా చదివించి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో టీచరు పుస్తకంలో రాసుకుంటే చాలు. దాన్ని మళ్లీ ఏ యాప్‌లోనో ఎక్కించమనొద్దు, ఆ గంట అందులోనే పోతుంది.

ఈ ఆరో తరగతి వాళ్లు 2030లో పదో తరగతి పరీక్ష రాస్తారు. ఏడో తరగతి వాళ్లకు ఇంకో ఏడాది తక్కువే. విద్యాశాఖ ఉత్తర్వు ఇస్తే వచ్చే సోమవారం నుంచే టైంటేబుల్ మార్చుకోవడానికి మా బడి సిద్ధంగా ఉంది.

— ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
నాగర్‌కర్నూల్ జిల్లా