కలెక్టర్ గారూ, మా లంకకి ఒక నర్సుని పంపించండి

కోనసీమ కలెక్టర్ గారికి నమస్కారమండి,

మా అమ్మకి గర్భసంచి క్యాన్సర్. ఇక చేసేదేం లేదు ఇంటికి తీసుకెళ్ళి సుఖంగా చూసుకోండన్నారు డాక్టర్లు, తీసుకొచ్చేశాం గానీ ఆ సుఖంగా చూసుకోడం ఎలాగో ఒక్కరూ చెప్పలేదండి. ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషి కోసం ఒక ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టాం, వచ్చింది చిన్నపిల్ల, పుండుకి డ్రెస్సింగ్ చేస్తుంటే కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది, మూడోరోజు పొద్దున్నే రేవు దాటించే పంటు పడవెక్కి వెళ్ళిపోయింది. ఆ పిల్లనేం అనను, నేర్పకుండా పంపినోళ్ళనే అంటాను.

ఇప్పుడు నేనూ మా వదినా వంతులేసుకున్నాం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి వీపు వెనక పాత చీర మడతపెట్టి పెట్టాలి, లేదంటే నడుం దగ్గర ఎర్రగా కందిపోద్ది. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ బిళ్ళ నాలుగ్గంటలకోసారి, రాత్రి రెండింటికి అలారం. దాంతోపాటు విరేచనం మందు కూడా ఇవ్వాలని అమ్మ వారం రోజులు నరకం చూశాక తెలిసింది మాకు. బిళ్ళలైపోతే రేవు దాటి బస్సెక్కాలి, మందుల షాపులో పేరు చెప్తేనే మొహం మాడ్చేస్తారు, 2014లోనే మత్తుమందుల చట్టం మార్చి మార్ఫిన్ రూల్స్ తేలిక చేశారు కదండీ మరి!

కేరళలో 2008 నుంచి ఇలాంటి నయంకాని రోగుల్ని నొప్పి లేకుండా చూసుకోడానికి పాలసీ ఉంది, పంచాయతీ తరఫున నర్సులు ఇళ్ళకే వస్తారు. మాకు వారానికోసారి వచ్చినా చాలు. ఇలా ఇంట్లో ఉండి చూసుకునేవాళ్ళకి మన ఏరియా ఆసుపత్రిలో నాల్రోజులు ట్రైనింగ్ ఇప్పించండి. వరదొస్తే పంటు ఆపేస్తారు, ఆలోపే నెలకి సరిపడా బిళ్ళలు మా చేతికొచ్చేలా చూడండి సార్.